‘డ్రగ్స్‌పై ఫ్యామిలీ సినిమా’ టికెట్లు కొంటున్నారా? ఈ ఆదివారం షో జోలికి వెళ్లకండి

మన బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతున్న పోస్టరే, మీకూ వచ్చే ఉంటుంది. ‘పిల్లలతో కలిసి చూడాల్సిన హిందీ చిత్రం, తర్వాత డాక్టరుగారితో ముఖాముఖి’ అని. టికెట్ 450. నాలుగు తీసుకున్నాను. డబ్బు ఎవరిదో సొంత నంబరుకు యూపీఐలో వేయించుకున్నారు.

పోస్టరు మీద ఉన్నది 1971 నాటి ‘హరే రామ హరే కృష్ణ’. దేవానంద్ తీసిన సినిమా. అందరికీ ‘దమ్ మారో దమ్’ పాటే గుర్తుంటుంది గానీ, కథంతా చెదిరిపోయిన ఇంటిదే. అమ్మానాన్నలు విడిపోతారు. కొడుకు తల్లి దగ్గర, కూతురు తండ్రి దగ్గర. అమ్మా అన్నా చనిపోయారని ఆ పిల్లకు అబద్ధం చెబుతారు. పెద్దయ్యాక ఇల్లు వదిలేసి కాఠ్మాండూలో హిప్పీల మధ్య మత్తులో పడి ఉంటే, అన్న వెతుక్కుంటూ వస్తాడు. మా అక్క కొడుక్కి పదహారేళ్లు, పీయూసీ (మన ఇంటర్ లాంటిది). వాడి కాలేజీలో గంజాయి గొడవ జరిగినప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు. కూర్చోబెట్టి చెబితే వినే వయసు కాదు కదా, ఈ సినిమా చూశాకైనా వాడే నోరు విప్పుతాడని ఆవిడ ఆశ.

తీరా హాలుకెళ్తే వేస్తున్నది ‘ఉడ్తా పంజాబ్’! 2016లో సెన్సారు గొడవ బాంబే హైకోర్టు దాకా వెళ్లి, చివరికి ‘ఎ’ సర్టిఫికెట్‌తో వచ్చిన సినిమా. మంచి సినిమానే, కాదనను. కానీ ఆ బూతులు, ఆ బీహారీ అమ్మాయి మీద జరిగే అఘాయిత్యాలు తల్లీకొడుకులు పక్కపక్కన కూర్చుని చూడగలరా? చూద్దామన్నా కుదరదు. ‘ఎ’ సినిమాకు పద్దెనిమిది నిండని పిల్లల్ని పెద్దవాళ్లు వెంట ఉన్నా రానివ్వకూడదు. గేటు దగ్గరి కుర్రాడు అదే చెప్పి మావాణ్ణి ఆపాడు. అతని తప్పేం లేదు.

షో పెట్టిన మనిషిని పిలిపించి డబ్బు వెనక్కి అడిగాను. “ఆ ప్రింటు దొరకలేదండీ. రెండూ డ్రగ్స్ సినిమాలే కదా, స్వల్ప అడ్జస్ట్ మాడి” అన్నాడు, కాస్త సర్దుకోండని కన్నడలో. డాక్టరుగారేరీ అంటే జవాబు లేదు. నేను గొంతు పెంచేసరికి, లైన్లో అంతమంది చూస్తుండగా మావాడి వైపు తిరిగి, “ఏం బాబూ, నీకూ అలవాటుందా? మీవాళ్లు ఇంత కంగారు పడుతున్నారు!” అన్నాడు. పిల్లాడి చెవులు ఎర్రబడిపోయాయి. అక్క చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని మెట్లు దిగిపోయాడు. ఇంటికొచ్చి గది తలుపేసుకున్నవాడు రాత్రి అన్నానికి కూడా రాలేదు. 1800 పోతే పోయాయి. వాడితో మాట కలపాలని అక్క ఎన్నాళ్లుగానో పడుతున్న పాటంతా ఆ మనిషి ఒక్క మాటతో మంటగలిపాడు. డ్రగ్స్ గురించి అవగాహన కల్పిస్తానని డబ్బు పుచ్చుకున్నవాడు ఒక పిల్లాణ్ణి పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

ఇలాంటి షోలకు డబ్బు కట్టే ముందు సినిమా పేరు, సర్టిఫికెట్, వచ్చే డాక్టరు పేరు మెసేజ్‌లో రాయించుకోండి. రాయకపోతే వదిలేయండి. ఇప్పటికే కట్టినవాళ్లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి, నేనూ చేశాను. ఇంట్లో నిజంగానే ఆ భయం ఉంటే మత్తు అలవాటు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. మన ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. ఈ ఆదివారానికి అదే పోస్టరు, అదే డాక్టరు మాటతో మళ్లీ గ్రూపుల్లోకి వచ్చింది. టికెట్ ఈసారి 500.