అమ్మకానికి వచ్చిన 2005 ఆక్టేవియా ఆర్‌ఎస్: చూసొచ్చి చెబుతున్న మాట

పాత బండ్లు కొనేవాళ్ల తరఫున వెళ్లి కండిషన్ చూసి చెప్పడం నా పని. విజయవాడ ఆటోనగర్లో చిన్న షెడ్డు ఉంది. ఈమధ్య సూర్యారావుపేటలో ఒక డాక్టరు గారు తన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌ను అమ్మకానికి పెట్టారు. ఆర్‌ఎస్ అంటే ఆక్టేవియాలో జోరెక్కువున్న స్పోర్టీ రకం. ఎర్ర రంగు, 2005 మోడల్, మొదటి నుంచీ ఆయన పేరు మీదే ఉంది. నంబరు ఏపీ 16. అడుగుతున్నది నాలుగున్నర లక్షలు. అంత పాత బండికి అంత రేటా అని చాలామంది ఫోన్లోనే ఆగిపోతున్నారట. ఆయన దాచిన బిల్లుల ఫైలు తిరగేశాక నాకు మాత్రం ఎక్కువనిపించలేదు.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ బిల్లు ఉంది. టైమింగ్ బెల్టు (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే బెల్టు) మార్చినప్పుడల్లా దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు కూడా కలిపి మార్పించారు. ఈ ఇంజన్లో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. పంపు పట్టేస్తే బెల్టుకు ముప్పు, బెల్టు తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. సిలిండర్‌కు ఐదేసి చొప్పున మొత్తం 20 వాల్వులు, ఇక ఖర్చు ఊహించుకోండి. మా కుర్రాళ్లకు ఎప్పుడూ అదే చెబుతాను: "ముందు బెల్టు బిల్లు చూడరా, ఇంజన్ సౌండు తర్వాత విందువుగాని."

ఆయిల్ మూత తీసి లోపలి వైపు వేలితో రాశాను. నల్లటి మడ్డి లేదు, పల్చటి తేనె రంగు పొర మాత్రమే అంటింది. తర్వాత టర్బోలోకి (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే రెక్కల చక్రం) గాలి వెళ్లే గొట్టం ఊడదీసి, షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని చూశాను. అటూ ఇటూ పిసరంత కదలడం మామూలే. ముందుకూ వెనక్కూ జరిగితేనే టర్బో పని అయిపోయినట్టు. ఇది జరగలేదు, రెక్కల అంచులు ఎక్కడా ఒరుసుకోలేదు. ఇంత వయసు టర్బోను ఇలా చూడటం నిజంగా సంతోషం.

ఇది 1781 సీసీ పెట్రోల్ ఇంజన్. యూరప్‌లో ఆర్‌ఎస్‌ను 180 హార్స్‌పవర్‌తో అమ్మారు, మన దేశంలో 150తో ఇచ్చారు. తక్కువే అయినా 210 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం) 1750 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి మన రోడ్ల మీద లోటు తెలియదు. వారధి దాటి మంగళగిరి వైపు తీసుకెళ్లాను. నాలుగో గేర్లో లారీ వెనక నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కితే, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, ఆ తర్వాత వీపును సీటుకు అదిమేసింది. స్టీరింగ్ బరువుగా, నమ్మకంగా ఉంది. కాజ టోల్‌గేట్ దగ్గర పక్కకు ఆపి తాళం తిప్పబోతే డాక్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క నిమిషం ఉండవయ్యా, టర్బో చల్లబడనీ" అన్నారు. నిమిషానికి లక్షకు పైగా తిరిగే చక్రం అది. హైవే మీద నుంచి వచ్చి టక్కున ఆపేస్తే బేరింగులో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆ అలవాటు ఉన్న మనిషి చేతిలో పెరిగింది కాబట్టే బండి ఇలా ఉంది.

లోపాలూ ఉన్నాయి. ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు అరిగాయి, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టకటక వినిపిస్తుంది. ఏసీ చల్లబడటానికి చాలాసేపు పడుతోంది. రోహిణి కార్తెలో బెజవాడలో అది కుదరదు, వెంటనే చూపించుకోవాలి. ఎడమ వెనక అద్దం సగంలో ఆగుతోంది. వెనక సీట్లో మోకాళ్లకు చోటు తక్కువ, ముగ్గురు పెద్దవాళ్లతో తిరుపతి ప్రయాణమంటే ఆలోచించుకోండి. డిక్కీ మాత్రం 528 లీటర్లు. చూడటానికి సెడానే గానీ వెనక అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది, పెళ్లి సామాన్లయినా పట్టేస్తాయి.

పెట్రోల్ గొట్టాలు కొత్తవి వేయించారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అప్పటి రబ్బరు దాన్ని తట్టుకోలేదు కాబట్టి ఇది మంచి పని. ఆర్‌సీ 15 ఏళ్లు నిండాక ఒకసారి, ఆపైన ఐదేళ్లకు మరోసారి రెన్యువల్ అయింది, 2030 వరకు ఉంది. లోన్ బాకీ లేదు.

ఇంజన్ సామాన్లకు భయం లేదు. ఆడి ఏ4, ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ లాంటి వాటిలోనూ ఇదే కుటుంబం ఇంజన్ వాడారు. ఆర్‌ఎస్ బంపర్ పగిలితేనే తిప్పలు, వెతుక్కోవాలి. రోజూ ఆఫీసుకు తిప్పడానికి, మైలేజీ లెక్కలకు ఇది వద్దు. ఇంట్లో ఇంకో బండి ఉండి, దీన్ని కన్నబిడ్డలా చూసుకోగలిగినవాళ్లు వెళ్లి చూడండి. బుష్‌లు, ఏసీ ఖర్చు లెక్క చూపిస్తే నాలుగుకు దిగుతానని డాక్టరు గారు నాతో అన్నారు. నాలుగు లక్షలకు ఇది మంచి బేరం.