పొడుం డబ్బాని అద్దంలోంచి కాదు, చేత్తో పట్టుకుని చూడాలి

పాత ఫ్రెంచ్ బంగారు పొడుం డబ్బాలంటే నాకు ప్రాణం. ఇన్నేళ్లూ లండన్‌లో వాలెస్ కలెక్షన్‌లోనూ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ అద్దం బయట నిలబడి చూడటమే. ఈసారి ప్యారిస్‌లో ఒక వేలం సంస్థ అమ్మకానికి ముందు పెట్టిన ప్రదర్శనకి వెళ్లాను. అడగ్గానే బీరువా తాళం తీసి, మెత్తటి గుడ్డ పరిచిన ట్రేలో పెట్టి చేతికిచ్చారు. కొంటారా లేదా అని అడగలేదు, తొందరపెట్టలేదు. ఈ ఒక్క విషయానికే ఫుల్ మార్కులు.

నేను ఎక్కువసేపు చూసింది ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ కాలం నాటి డబ్బా. బంగారంతో పంజరంలాంటి చట్రం చేసి, ఆ గడుల్లో అగేట్ అనే రాతి పలకలు బిగించారు. రాయిలోపల ఎండిన నాచులాంటి నల్లటి కొమ్మలు, ఎవరో సన్నటి కుంచెతో గీసినట్టు ఉన్నాయి. చట్రం మీద పూలదండ రెండు మూడు రంగుల బంగారంతో చేసింది, రాగి పాలు పెరిగితే ఎర్రగా, వెండి పాలు పెరిగితే కాస్త ఆకుపచ్చగా వస్తుంది. చేతిలో పెట్టుకుంటే మొదట బంగారం వెచ్చబడింది, రాయి మాత్రం చాలాసేపు చల్లగానే ఉంది. మూత తీస్తే కీలు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, అంత నునుపుగా అంచులో కలిసిపోయింది. మూస్తే సందన్నదే లేదు. పొడుం ఎండిపోకూడదు కదా, ఆ పనితనమంతా అందుకే.

ఇక ముద్రలు. మూత లోపల, అడుగున, పక్కగోడకి ఉన్నాయి: పనివాడి గుర్తు, కంసాలుల సంఘం వాళ్లు ఏటా మార్చే అక్షరం, పన్ను ముద్రలు. పక్క ట్రేలో అచ్చం ఇలాగే ఉన్న ఇంకో డబ్బా జర్మనీలోని హనావులో చేసింది. అక్కడివాళ్లు ప్యారిస్ ముద్రల్ని పోలిన ముద్రలు కొట్టేవారు, తెలియకపోతే పప్పులో కాలేస్తాం. దాని మీద గుడ్లగూబ ముద్ర కూడా ఉంది, అది ఫ్రాన్స్‌లో 1893 నుంచి బయటి దేశాల బంగారానికి కొడుతూ వచ్చినది. కేటలాగ్‌లో హనావు అని స్పష్టంగా రాశారు, అది నిజాయితీ.

నాకు కోపం వచ్చింది ఒక్క చోటే. నేను చూసిన అగేట్ డబ్బా గురించి కేటలాగ్‌లో ‘మంచి స్థితి’ అని ఉంది, కానీ భూతద్దం పెట్టి వెలుతురుకి ఏటవాలుగా తిప్పితే అడుగు పలకలో వెంట్రుకంత బీట, దాన్ని పూడ్చిన గుర్తు కనిపించాయి. ఫోటోలన్నీ పైనుంచి తీసినవే. అడిగితే అక్కడి నిపుణురాలు వెంటనే ఒప్పుకుని, వస్తువు స్థితి వివరించే కండిషన్ రిపోర్ట్ ఇచ్చారు. అడగనివాళ్ల సంగతేంటి? దూరం నుంచి ఫోన్లో వేలం పాట పాడేవాళ్లకి అడక్కపోతే ఇది తెలిసే దారే లేదు.

కొనే ఆలోచన ఉంటే భూతద్దం తీసుకెళ్లండి, అడుగు పలక ఫోటో విడిగా అడగండి, రిపోర్ట్ కాగితం మీదే తీసుకోండి. పలికిన ధర మీద సంస్థ కమిషన్ వేరే పడుతుంది, అది కలుపుకునే మీ హద్దు పెట్టుకోండి.