‘టూ ఇన్ వన్’ బార్‌కోడ్ గన్ కొని మోసపోయాను, మెడికల్ షాపుల వాళ్లు జాగ్రత్త

మాది తెనాలిలో చిన్న మెడికల్ షాపు. కౌంటర్లో నేను, మా తమ్ముడు. పోయిన నెల విజయవాడలో ఒక కంప్యూటర్ సామాన్ల షాపులో చేత్తో పట్టుకునే బార్‌కోడ్ గన్ కొన్నాను. పక్కనే కార్డు గీకే సందు కూడా ఉంది. 6,400 రూపాయలు. బిల్లు అడిగితే జీఎస్టీతో ఇంకో 1,152 అవుతుందన్నాడు. అక్కడే లేచి వచ్చేయాల్సింది. తెల్లకాగితం చీటీ జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

షాపులో అన్నీ బాగానే చూపించాడు. బిస్కెట్ ప్యాకెట్ ఎదురుగా పెట్టి మీట నొక్కితే కీక్‌మంది, నోట్‌ప్యాడ్‌లో 890తో మొదలయ్యే 13 అంకెలు టకటకా పడ్డాయి. అందులో గొప్పేమీ లేదని ఇప్పుడు తెలిసింది. కంప్యూటర్‌కి ఈ గన్ ఒక కీబోర్డు లాంటిదే. గీతల్లో చదివిన అంకెల్ని టైపు కొట్టి ఎంటర్ నొక్కుతుంది, అంతే. తెల్లటి అట్ట మీద నల్లటి గీతలైతే ఎంత నాసిరకందైనా చదివేస్తుంది.

నాకు కావాల్సింది గీతలు కాదు, క్యూఆర్. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడో క్యూఆరో వేయాలని కేంద్రం రూలు పెట్టింది కదా. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అందులోనే ఉంటాయి. వెండి రేకు మీద నొక్కిన తేదీ సాయంత్రమయ్యేసరికి నా కళ్లకి ఆనదు. గన్ చదివి పెడితే సగం టెన్షన్ తగ్గుతుందనుకున్నాను. డబ్బా మీద ‘టూడీ’ (అంటే గీతలే కాదు, క్యూఆర్ కూడా చదువుతుందని) అని స్టిక్కర్ కూడా ఉంది మరి.

మా షాపుకొచ్చి మాత్రల స్ట్రిప్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. దగ్గరగా పెట్టాను, దూరంగా పెట్టాను, రేకు మెరుస్తోందేమోనని ట్యూబ్‌లైట్ ఆర్పి చూశాను. చివరికి కౌంటర్ మీదున్న మన యూపీఐ స్టిక్కర్ చూపించాను. టూడీ గన్ అయితే ‘యూపీఐ పే’ అంటూ మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల పొడుగాటి వరస తెర మీద పడాలి. ఏమీ పడలేదు. సన్నటి ఎర్రగీత ఒక్కటి మాత్రం స్టిక్కర్ మీద అడ్డంగా వెలుగుతోంది. అది ఉత్త లేజర్ గన్. గీతల్ని అడ్డంగా కోస్తూ చదవడమే దానికి తెలుసు, క్యూఆర్‌ని ఫొటో తీసే కన్ను అందులో లేనే లేదు. ఫోన్ చేస్తే ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే చదువుతుంది సార్’ అన్నాడు. లేని కన్ను అప్‌డేట్‌తో మొలుస్తుందా?

డబ్బు పోతే పోయింది, అసలు భయపడాల్సింది కార్డు సందు గురించి. ‘బ్యాంకు మెషీన్‌కి నెలనెలా అద్దె దేనికి సార్, కస్టమర్ కార్డు ఇందులోనే గీకండి’ అని చెప్పి అమ్మాడు. సగం నమ్మాను కూడా. ఆ రాత్రి షటర్ దించి నా ఏటీఎం కార్డే గీకి చూశాను. నోట్‌ప్యాడ్‌లో ఒక శాతం గుర్తు, ఒక ‘బి’, వెంటనే నా కార్డు నంబరు 16 అంకెలూ, తర్వాత నా పేరు, ఆ తర్వాత ఎక్స్‌పైరీ, ముందు సంవత్సరం, వెనక నెల. ఏ దాపరికమూ లేదు. కర్సర్ బిల్లింగ్‌లో ఉండుంటే ఆ నంబరు నేరుగా బిల్లు కాలమ్‌లోకే వెళ్లేది. తమ్ముడు చూసి ‘అన్నయ్యా, ముందు అది చెరిపెయ్’ అన్నాడు.

దీంతో ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే దీనికి బ్యాంకుతో ఏ సంబంధమూ లేదు. కార్డు వెనక నల్లపట్టీలో ఉన్నది ఉన్నట్టు టైపు కొట్టడమే దీని పని. ఆ పట్టీని కాపీ కొట్టడం తేలిక కాబట్టే కదా రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరు 31లోగా పట్టీ కార్డులన్నీ మార్చి చిప్ కార్డులివ్వమంది. పైగా 2022 అక్టోబరు 1 నుంచి షాపుల వాళ్లం కస్టమర్ కార్డు నంబరు దాచుకోకూడదు. మనకి తెలియకుండా అది కంప్యూటర్‌లో మిగిలిపోయి, రేపు ఎవరి ఖాతాలోనో డబ్బు పోతే ముందు కొట్టేది మన షటరే. సొంత మెంబర్‌షిప్ కార్డులు ఇచ్చే సూపర్‌మార్కెట్లకి ఆ సందు పనికొస్తుందేమో, మనలాంటి వాళ్లకి కాదు.

కొనాలనుకునేవాళ్లు ఒక స్ట్రిప్, ఒక సీసా జేబులో వేసుకెళ్లండి. వాళ్ల బిస్కెట్ ప్యాకెట్ మీద కాదు, మీ సరుకు మీద కొట్టించి చూడండి. ఫోన్‌లో క్యూఆర్ తెరిచి అదీ చూపించండి. యూఎస్‌బీ స్కానర్లకి బీఐఎస్ (సరుకుల నాణ్యతా ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డబ్బా మీద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉండాలి. నా డబ్బా మీద అది లేదని తర్వాత చూసుకున్నాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామని కూర్చున్నాను. చేతిలో ఉన్నది తారీఖు కూడా లేని చీటీ. వెనక్కి తీసుకోమని రెండుసార్లు విజయవాడ వెళ్లాను, రెండోసారి ‘ఇది మా దగ్గర కొన్నదేనా’ అని అడిగాడు.

గన్ ఇప్పుడు సబ్బులకీ పౌడరు డబ్బాలకీ వాడుతున్నాం. కార్డు సందుకి మా తమ్ముడు రెండు వరసలు ప్లాస్టర్ అతికించాడు.