తెలుగు ఓసీఆర్ ఎక్కించడానికి ఆప్ట్, బ్రూ, వింగెట్: చాలాకాలం వాడాక సమీక్ష

స్కాన్ చేసిన తెలుగు పేజీని మళ్లీ టైపు చేసే పని లేకుండా అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్ ఉచితం. నెల్లూరు, కావలి, ఒంగోలు డీటీపీ షాపుల్లో ఉండే మామూలు సిస్టాల మీదే బాగా నడుస్తుంది. కమాండ్ కొట్టి వాడాలి, అంతే. కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కించే సాధనం మాత్రం ఉబుంటు లినక్స్‌కు ఒకటి (ఆప్ట్), మాక్‌కు ఒకటి (హోమ్‌బ్రూ, అంటే బ్రూ), విండోస్‌కు ఇంకొకటి (వింగెట్). మూడింటినీ ఏళ్ల తరబడి వాడాక నాకు తేలింది ఇది: మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా తట్టుకుని మళ్లీ నిలబడేది ఆప్ట్. ఎండాకాలం కోతలున్న మన జిల్లాల్లో ముందు చూడాల్సిన గుణం అదే.

ఉబుంటులో రెండే కమాండ్లు, ముందుండే ‘సుడో’ అడ్మిన్ అధికారంతో నడపమని చెప్పే మాట. మొదట ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ఆ వెంటనే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టెసరాక్ట్-ఓసీఆర్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్’. చివర ‘టెల్’ ఉన్న ప్యాకేజీయే తెలుగు డేటా. అది వేయకపోతే తెలుగు పేజీని చదవలేదు. మొదటి కమాండ్‌ను చాలామంది వదిలేస్తారు. అప్పుడు సిస్టం తన దగ్గరున్న పాత జాబితా చూసి, సర్వర్లో ఎప్పుడో తీసేసిన వెర్షన్‌ను అడుగుతుంది, 404 ఎర్రర్ పడుతుంది. ప్యాకేజీ లేదేమో అని వెతుక్కోనక్కర్లేదు, అప్‌డేట్ ఇస్తే సరిపోతుంది.

డౌన్‌లోడ్ అవుతుండగా కరెంటు పోతే బెంగ వద్దు. వచ్చినంతవరకు ‘/వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్/పార్షియల్’ ఫోల్డర్లో ఉంటుంది, అదే కమాండ్ మళ్లీ ఇస్తే అక్కణ్ణుంచి అందుకుంటుంది. ఫైళ్లు విప్పి అమర్చే దశలో పోతేనే చిక్కు. ప్యాకేజీ సగంలో ఆగిపోతుంది, ఆ తర్వాత ఏది వేయబోయినా ఆప్ట్ మొరాయిస్తుంది. అప్పుడు ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ ఇవ్వండి, ఆగినచోటి నుంచి పూర్తి చేస్తుంది. అప్పటికీ డిపెండెన్సీల (ఒక ప్యాకేజీ నడవడానికి కావలసిన వేరే ప్యాకేజీల) గొడవ మిగిలితే ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. హార్డ్ డిస్క్ బాగున్నంతవరకు ఈ రెండిటికీ లొంగని సిస్టం అరుదు.

సిస్టం ఆన్ చేసిన వెంటనే ఇన్‌స్టాల్ కొడితే, ఒకేసారి ఒక్క ప్రోగ్రామే ప్యాకేజీలు మార్చేలా కాపాడే లాక్ దొరకలేదని రావచ్చు. వెనకాల సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఎక్కుతున్నాయన్నమాట. లాక్ ఫైలు డిలీట్ చేసేయమని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీ డేటాబేసులో రాస్తే అది చెడుతుంది. కాసేపు ఆగితే ఆ లాక్ దానంతటదే తొలగుతుంది. కాలేజీ ల్యాబుల వాళ్లకు ఇంకో మాట. ఒక్క సిస్టంలో ‘ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ’ పెట్టి, మిగతా వాటికి దాని 3142 పోర్టును ప్రాక్సీగా (మధ్యవర్తిగా) ఇవ్వండి. ఒకసారి దిగిన ప్యాకేజీ మిగతా సిస్టాలకు ల్యాబ్ లోపలే అందుతుంది, నెట్ ఖర్చు బాగా తగ్గుతుంది.

మాక్‌లో హోమ్‌బ్రూ హాయిగా ఉంటుంది గానీ డేటా బాగా తాగుతుంది. ‘బ్రూ ఇన్‌స్టాల్ టెసరాక్ట్’ అంటే తెలుగు రాదు. ‘టెసరాక్ట్-ల్యాంగ్’ కూడా వేస్తే తెలుగుతో పాటు టెసరాక్ట్‌కు తెలిసిన భాషలన్నీ వందల ఎంబీల్లో దిగుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ పని పెట్టుకోవద్దు. తెలుగు ఫైలు ‘టెల్.ట్రెయిన్డ్‌డేటా’ ఒక్కటి దించుకుని ‘/ఆప్ట్/హోమ్‌బ్రూ/షేర్/టెస్‌డేటా’లో వేస్తే చాలు. పాత ఇంటెల్ మాక్‌లో ఆ చోటు ‘/యూఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటా’. బ్రూకు ముందు సుడో పెట్టకూడదు. మాక్‌ఓఎస్ మరీ పాతదైతే సిద్ధంగా ఉన్న ప్యాకేజీ దొరకదు, సోర్స్ కోడ్ నుంచి కట్టడం మొదలుపెడుతుంది. అలాంటి మాక్‌లో రాత్రి పెట్టి పొద్దున చూసుకోవాల్సిందే.

విండోస్‌లో వింగెట్‌తో పని జరుగుతుంది, కానీ సగం పని మన చేతుల మీదే. అది చాలావరకు సొంతంగా అమర్చదు, తయారీదారు ఇచ్చిన ఇన్‌స్టాలర్‌ను నడిపిస్తుంది, అంతే. అందుకే ‘వింగెట్ ఇన్‌స్టాల్ --ఐడీ యూబీ-మ్యాన్‌హైమ్.టెసరాక్ట్‌ఓసీఆర్ -ఈ’ సక్సెస్ అన్నాక కూడా ‘టెసరాక్ట్’ అని కొడితే అలాంటి కమాండే లేదంటుంది. కమాండ్ల కోసం సిస్టం వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్‌లో ఆ ఇన్‌స్టాలర్ తన ఫోల్డర్‌ను చేర్చదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్లి ‘సీ:\ప్రోగ్రామ్ ఫైల్స్\టెసరాక్ట్-ఓసీఆర్’ను మనమే పాత్‌లో చేర్చి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవాలి. తెలుగు ఫైలును అందులోని ‘టెస్‌డేటా’ ఫోల్డర్లో వేయాలి, దానికి అడ్మిన్ అనుమతి కావాలి. టెసరాక్ట్ ఫైళ్లుండే గిట్‌హబ్ సైటులో ఈ ఫైలు దించేటప్పుడు పేరు మీద రైట్ క్లిక్ చేసి సేవ్ చేస్తే వెబ్ పేజీ సేవ్ అవుతుంది, టెసరాక్ట్ దాన్ని తెరవలేక ఎర్రర్ ఇస్తుంది. డౌన్‌లోడ్ బటన్ నొక్కి, సైజు ఎంబీల్లో ఉందో లేదో చూసుకోండి. కేబీల్లో ఉంటే అది వెబ్ పేజీయే. అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో లేని సిస్టంలో వింగెట్ కంటే స్కూప్ అనే ఇంకో సాధనం నయం. అన్నీ యూజర్ ఫోల్డర్లోనే పెడుతుంది, పాత్ తనే చూసుకుంటుంది, తీసేస్తే శుభ్రంగా పోతుంది.

ఎక్కడ వేసినా చివర ‘టెసరాక్ట్ --లిస్ట్-ల్యాంగ్స్’ కొట్టండి, జాబితాలో ‘టెల్’ కనిపించాలి. తర్వాత పేజీని 300 డీపీఐలో స్కాన్ చేసి ‘టెసరాక్ట్ పేజీ.పీఎన్‌జీ ఫలితం -ఎల్ టెల్’ ఇస్తే ‘ఫలితం.టీఎక్స్‌టీ’ తయారవుతుంది. పత్రంలో ఇంగ్లీషు మాటలూ కలిసి ఉంటే ‘-ఎల్ టెల్+ఈఎన్‌జీ’ అనాలి.