సేనానుల ట్రంప్ కార్డులు: ఆట హిట్టు, మార్కులు ఫట్టు

మొన్న పుస్తకాల ఎగ్జిబిషన్‌లో మావాడు ఒక స్టాల్ ముందు కదలనని మొండికేస్తే కొన్న డబ్బా ఇది. 450 రూపాయలు, 60 కార్డులు, కార్డుకో సేనాని. ఒక వైపు ఇంగ్లీషు, వెనక తెలుగు. కంపెనీ పేరు రాయడం లేదు, కింద తిట్లు కొంచెం ఎక్కువే ఉన్నాయి కాబట్టి.

తొంభైల్లో బడికెళ్ళినవాళ్ళకి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు గుర్తుండే ఉంటాయి. సరిగ్గా అదే ఆట. ముక్కలు సమానంగా పంచుకుని ఎవరి పై ముక్క వాళ్ళు చూసుకుంటారు, వంతు వచ్చినవాడు ఒక గడి పేరు చెప్తాడు, ఎవరి అంకె గొప్పదైతే వాళ్ళు అవతలివాడి ముక్క లాగేసుకుంటారు. అక్కడ ఎత్తు, బరువు, కండలు ఉండేవి. ఇక్కడ ర్యాంకు, చేసిన యుద్ధాలు, గెలిచినవి, సైన్యం, వ్యూహానికి వందకి ఇన్ని, ధైర్యానికి వందకి ఇన్ని. ధైర్యానికి 87, 88 అని ఎవరు కొలిచారో, ఏ తరాజులో వేశారో ఆ దేవుడికే తెలియాలి.

ముందు మంచి చెప్పేస్తాను. బొమ్మలు బాగున్నాయి. మావాడు, మా అక్క కూతురు వారం రోజులు ఫోన్ అడగలేదు. ఎనిమిదో క్లాసు పిల్ల అన్నం తింటూ "మావయ్యా, కానే యుద్ధంలో రోమన్లు ఎందుకు పారిపోలేకపోయారు?" అని అడిగితే నాకు 450 రూపాయలు అక్కడే వసూలయిపోయాయి. పళ్ళెంలో అన్నం ముద్దని వేళ్ళతో నాలుగు వైపులా మూసి చూపించాను. క్రీ.పూ. 216లో కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేసింది అదే కదా, మధ్యలో తన దళాన్ని కావాలని వెనక్కి జరిపి, రోమన్లు లోపలికి తోసుకొచ్చాక రెండు పక్కల నుంచీ నొక్కి, వెనక నుంచి రౌతులతో తలుపేసేశాడు. యాభై వేల దాకా అక్కడే పోయారంటారు.

ఇక చెడు. తెలుగు వైపు ఎవరు రాశారో గానీ మనిషి చెయ్యి పడినట్టు లేదు. ఇంగ్లీషులో జనరల్ అన్నచోటల్లా తెలుగులో 'సాధారణ' అని ఉంది. సాధారణ గ్రాంట్, సాధారణ మానెక్‌షా. నెపోలియన్ మేటి దళం ఓల్డ్ గార్డ్ కాస్తా 'ముసలి కాపలాదారు' అయి కూర్చుంది, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీ వేసుకున్నట్టు. కార్డుల అంచులు మూడో రోజుకే పొరలు లేచాయి. రెండు కార్డులు డబ్బాలో అసలు లేనే లేవు. మెయిల్ పెడితే పది రోజుల్లో పంపారు, అంతవరకు మెచ్చుకోవాలి.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. నా గొడవంతా మార్కుల మీదే.

ఒకటో ర్యాంకు అలెగ్జాండర్. 32 ఏళ్ళకే చనిపోయినవాడు, గాగమేలాలో పర్షియా రాజు డేరియస్‌ని తరిమినవాడు, పెడితే పెట్టారులే అనుకుందాం. కానీ వాళ్ళ నాన్న ఫిలిప్‌కి అరవైలో ఒక్క కార్డు లేదు. పద్దెనిమిది అడుగుల దాకా ఉండే ఆ పొడుగు ఈటెలూ, వాటితో గోడలా నడిచే దళాలూ, ఆ డ్రిల్లూ అన్నీ ఫిలిప్ తయారు చేసి పెట్టినవే. నాన్న పునాది తీసి స్లాబు వేసిన ఇంటి మీద కొడుకు అంతస్తులు లేపాడు. అంతస్తులు గొప్పవే, కాదనను, పునాది ఎవరిదో కూడా ఒక ముక్క రాయాలి కదా.

యుద్ధాల గడిలో నెపోలియన్‌కి అరవై. ఆ ముక్క ఎవరికి పడితే వాళ్ళు కళ్ళు మూసుకుని "యుద్ధాలు" అంటారు, ఎదుటివాడు మాట్లాడకుండా ముక్క ఇచ్చేస్తాడు. 2017లో ఒకాయన బేస్‌బాల్ ఆటగాళ్ళకి విలువ కట్టే లెక్క తెచ్చి సేనానులకి వేస్తే అక్కడా నెపోలియనే అందరికంటే చాలా పైన తేలాడు. తేలడా మరి, అన్ని యుద్ధాలు చేశాక? సచిన్ పరుగులు చూస్తే ఒక లెక్క, 52 టెస్టులే ఆడిన బ్రాడ్‌మన్ సగటు చూస్తే ఇంకో లెక్క. 1805లో ఆస్టర్లిట్జ్ గెలుపు లాంటిది ఒక్కటి చేసినవాడు గొప్పవాడే, అందులో నాకు పేచీ లేదు. కానీ అదే మనిషి 1812లో ఆరు లక్షల పైన జనాన్ని రష్యాకి నడిపించి అందులో చాలా కొద్దిమందితో తిరిగొచ్చాడు. పోగొట్టుకున్నదానికి ఈ కార్డులో గడి లేదు.

అసలు మేమంతా పట్టుకున్న తప్పు ఇంకొకటి. సైన్యం గడిలో పెద్ద అంకె గెలుస్తుంది! దీని సంగతి తెలిసింది ఈ సున్‌షిన్ ముక్క వల్ల. కొరియా నౌకాసేనాని, 31వ ర్యాంకు. 1597లో మ్యోంగ్న్యాంగ్ జలసంధిలో ఆయన దగ్గర ఉన్నవి 13 ఓడలు, ఎదురుగా జపాన్ యుద్ధ ఓడలు 130కి పైన. అంతకుముందే ఆయన్ని పదవి లాగేసి, హింసించి, మామూలు సిపాయిని చేశారు. ఆయన లేకుండా వెళ్ళిన కొరియా నౌకాదళం దాదాపు మొత్తం మునిగిపోయాక మళ్ళీ పిలిచి, ఇదిగో మిగిలినవి అన్నారు. ఆయన ఆ ఇరుకు నీళ్ళలో పోటు ఎప్పుడు ఎటు తిరుగుతుందో చూసుకుని నిలబడ్డాడు, అవతలివాళ్ళు ఎంతమంది ఉన్నా ఒకేసారి లోపలికి రాలేని చోట. తనవైపు ఒక్క ఓడ పోలేదు. ఇంత చేసిన మనిషికి కార్డు మీద సైన్యం గడిలో 13 అని ఉంది. మావాడికి ఆ ముక్క మూడుసార్లు పడింది, మూడుసార్లూ పోయింది. వాడు దాన్ని విసిరేసి "చెత్త ముక్క నాన్నా ఇది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది, వాడి మీద కాదు. ఆ రాత్రే ఇంట్లో రూల్ మార్చాం. సైన్యం గడిలో చిన్న అంకెదే గెలుపు. దాంతో ఆట మొత్తం తిరగబడింది. చెత్త ముక్క కాస్తా రాజా ముక్క అయింది, ఆరు లక్షల నెపోలియన్‌ని వదిలించుకోవడానికి పిల్లలు నానా తిప్పలూ పడ్డారు.

కానీ ఒక ఇబ్బంది వచ్చింది, అది మన రాయలవారితో. రాయచూరు యుద్ధం (1520) గురించి రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ చెప్పిన అంకెని కార్డులో అలాగే దింపేశారు, ఏడు లక్షల పైచిలుకు కాలిబంట్లు, 32 వేల పైన రౌతులు, 551 ఏనుగులు. ఏడు లక్షలమంది నిజంగా ఉండి ఉంటే కృష్ణలో ఆ వేసవి తాగడానికి నీళ్ళు మిగిలేవా అని నా అనుమానం. పాత రూల్‌తో డబ్బా మొత్తానికి బలమైన ముక్క అదే, కొత్త రూల్‌తో అన్నిటికంటే పనికిరానిది. మా అక్క కూతురికి ఏడుపొక్కటే తక్కువ. "మన రాయలు ముక్క చెత్తదెలా అవుతుంది మావయ్యా?"

అప్పుడు కార్డులో లేనిది చెప్పాల్సి వచ్చింది. అదే నూనిజ్ రాసిందే. బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేల్చేసరికి రాయల ముందు వరస చెదిరి వెనక్కి పరిగెత్తింది. రాయలు వేలి ఉంగరం తీసి ఒక పరిచారకుడి చేతిలో పెట్టాడు, నేను పోయానని గుర్తుగా రాణులకి చూపించమని. పారిపోయి వస్తున్నవాడు కనిపిస్తే మనవాడైనా నరికేయమని చెప్పి, గుర్రమెక్కి మిగిలిన దళాలతో ముందుకెళ్ళాడు. ఆదిల్‌షా సైన్యం కృష్ణ దాకా వెనక్కి పడిపోయింది, నదిలో చాలామంది పోయారు. ఈ ఉంగరం సంగతి విన్నాక ఆ పిల్ల చాలాసేపు ఆ ముక్కనే చూస్తూ కూర్చుంది. ఏడు లక్షల అంకె బదులు ఈ రెండు వాక్యాలు ఆ కార్డు వెనక వేస్తే ఏం పోయేది?

ఆదివారం మా బాబాయ్ వచ్చాడు. మాది తాడేపల్లిగూడెం పక్క, మిలటరీ మాధవరం గాలి మా వైపు బాగానే తగులుతుంది. బాబాయ్ ఆర్మీలో సప్లై కోర్‌లో చేసి రిటైరయ్యాడు. కళ్ళజోడు పెట్టుకుని నాలుగైదు కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, "రేషన్ ఎక్కడ్రా ఇందులో?" అన్నాడు. అర్థం కాలేదు. "ఒరేయ్, లారీ టైముకి రాకపోతే నీ అలెగ్జాండరైనా ఏం పీకుతాడ్రా? ఎవడు ఎంతమందికి ఎన్ని రోజులు తిండి పెట్టాడో రాయకుండా వీళ్ళకి ర్యాంకులేంటి?"

ఆ తర్వాత గంటసేపు ఆట ఆగిపోయింది, బాబాయే డబ్బా మీద పడ్డాడు. జాప్ ముక్క తీసి పక్కన పెట్టాడు. వియత్నాం జాప్, అంతకుముందు చరిత్ర పాఠాలు చెప్పుకునే మాస్టారు, 1954లో ఫ్రెంచి సైన్యం ఉన్న దియన్ బియన్ ఫూ చుట్టూ కొండల మీదకి ఫిరంగుల్ని మనుషుల చేత లాగించాడు, సైకిళ్ళ మీద ఒక్కోదానికి రెండు వందల కిలోల దాకా కట్టి అడవిలో తోయించాడు. మరాఠా పేష్వా బాజీరావు ముక్క కూడా ఆ పక్కకే వెళ్ళింది. 1728లో పాల్ఖేడ్ దగ్గర నిజాం ఉల్ ముల్క్‌ని, అదే మన హైదరాబాద్ అసఫ్‌జాహీల మూలపురుషుణ్ణి, తరుముతున్నట్టు తరమకుండా ఊరూరా తిప్పి, పెద్ద ఫిరంగులు వెనక వదిలేసి వచ్చేలా చేసి, నీళ్ళూ మేతా దొరకని చోట చుట్టుముట్టాడు. పెద్ద కొట్లాట లేకుండానే నిజాం సంధికి వచ్చాడు. అంత పని చేస్తే కార్డులో గెలిచినవి గడిలో అది ఒకటే అంకె, పక్క ఊరి మీద చిన్న దాడికీ అదే ఒకటి.

మానెక్‌షా గురించి బాబాయ్ దగ్గర మాట్లాడితే ఎలాగూ ఆగడు. 1971 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మీద యుద్ధానికి వెళ్ళమంటే ఇప్పుడు కాదు, వానలు పోవాలి, హిమాలయాల్లో దారులు మంచుతో మూసుకోవాలి అని ప్రధానమంత్రి ముఖం మీదే చెప్పాడట. డిసెంబర్‌లో పదమూడు రోజుల్లో ముగిసింది, సుమారు 93 వేలమంది లొంగిపోయారు. "కాదని చెప్పడానికి ఎన్ని మార్కులు వేశార్రా?" అని అడిగాడు. కార్డు చూశాను. ధైర్యం 84. నెపోలియన్‌కి 95.

నేనైతే ఈ అరవైలో ఒక పది తీసేసి, సుబుతాయ్‌కి చోటిస్తాను. చెంఘిజ్ ఖాన్‌కి కార్డు ఉంది, ఆయన కోసం, ఆయన కొడుకు కోసం యుద్ధాలు నడిపిన సుబుతాయ్‌కి లేదు. 1241 ఏప్రిల్‌లో పోలండ్‌లో ఒక మంగోల్ దళం, హంగరీలో ఇంకొకటి, రెండు రోజుల తేడాతో రెండు రాజ్యాల సైన్యాల్ని పడగొట్టాయి. ఫోన్లు లేని రోజుల్లో! ఆ పథకం వెనక మనిషి లేకుండా మహా సేనానుల డబ్బా ఏంటండీ? ఇక ఆడవాళ్ళలో జోన్ ఆఫ్ ఆర్క్, ఝాన్సీ లక్ష్మీబాయి, అంతే. తెలుగులో అచ్చు వేసి అమ్ముతూ రుద్రమ గుర్తుకు రాకపోవడం ఏంటో.

ర్యాంకుల పిచ్చి కొత్తదేం కాదులెండి. హన్నిబాల్‌ని జామాలో ఓడించిన రోమన్ సేనాని స్కిపియో తర్వాత ఎప్పుడో ఎఫెసస్‌లో ఆయన్నే కలిసి, అందరికంటే గొప్ప సేనాని ఎవరని అడిగాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. అలెగ్జాండర్, తర్వాత పిర్రస్, మూడు నేను అన్నాడట హన్నిబాల్. మరి నన్ను ఓడించి ఉంటే అన్నాడట స్కిపియో. అప్పుడు అలెగ్జాండర్ కంటే పైన పెట్టుకునేవాణ్ణి అన్నాడట. జరిగిందో కల్పించారో గానీ, ఈ డబ్బాలో 7వ ర్యాంకు చూస్తే ఆయన నవ్వేవాడు.

కొనొచ్చా అంటే, పదేళ్ళు దాటిన పిల్లలుంటే కొనండి, 5కి 3 స్టార్లు. తెలుగు వైపు చదవనివ్వకండి. సైన్యం గడి తిరగేసి ఆడండి. మా ఇంట్లో ఇప్పుడు బాల్‌పెన్నుతో ఏడో గడి కూడా వచ్చింది, రేషన్ అని, వందకి. రాసింది మా అక్క కూతురు, మార్కులు వేసింది బాబాయ్. జాప్‌కి 98, నెపోలియన్‌కి 4. మావాడు ఆ నాలుగు చూసి "తాతా, ఇంకో పది వెయ్యవా, నాకు ఆ ముక్కే పడుతుంది ఎప్పుడూ" అని బతిమాలితే, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటూ "రష్యా వెళ్ళి రమ్మను ముందు" అన్నాడు.