నాలుగేళ్లుగా కిడ్నీ బయాప్సీలు స్క్రీన్ మీదే చూస్తున్నా, నా అనుభవం

మా ల్యాబ్‌లోకి స్లైడ్ స్కానర్ (గాజు స్లైడ్‌ని మొత్తం ఫోటో తీసి కంప్యూటర్‌లో చూపించే మెషీన్) వచ్చిన కొత్తలో నాకైతే అస్సలు ఇష్టం లేదు. ఇరవై ఏళ్లు మైక్రోస్కోప్‌కి అలవాటుపడ్డ కన్ను, మెడ నొప్పితో సహా అంతా అలవాటే. అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2017లోనే ఫిలిప్స్ వాళ్ల ఇలాంటి సిస్టమ్‌కి ఓకే చెప్పిందని మా జూనియర్ అంటే, అక్కడి స్లైడ్లు వేరు మన స్లైడ్లు వేరు అమ్మా అనేశా. ఇప్పుడు క్రానిక్ కిడ్నీ డిసీజ్ కేసు వస్తే ముందు స్క్రీనే ఆన్ చేస్తున్నా.

ఎందుకంటే, కిడ్నీ బయాప్సీ అంటే సూదితో తీసిన కిడ్నీ ముక్క, సేమ్యా ముక్కంత ఉంటుంది, దాన్ని 2, 3 మైక్రాన్ల మందంతో కోసి హెచ్ అండ్ ఈ, పీఏఎస్, సిల్వర్, ట్రైక్రోమ్ అని వేరువేరు రంగులు వేస్తాం. పీఏఎస్‌లో అనుమానంగా కనిపించిన గ్లోమెరులస్‌ని (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న జల్లెడ లాంటిది) సిల్వర్‌లో చూద్దామని స్లైడ్ మార్చేసరికి అది ఎక్కడుందో వెతుక్కోవాలి, ఈలోపు టీ చల్లారిపోతుంది. స్క్రీన్ మీద నాలుగూ పక్కపక్కన పెట్టి లాక్ చేస్తే ఒకటి జరిపితే మిగతావీ జరుగుతాయి. లెక్క కూడా తేలిక, ఒకే గ్లోమెరులస్ నాలుగు లెవెల్స్‌లో (వరస కోతల్లో) కనిపిస్తే ఇదివరకు రెండుసార్లు లెక్కపెట్టేసిన రోజులున్నాయి, ఇప్పుడు ఒక్కోదానికి నంబర్ వేసేస్తా, 14లో 6 గట్టిపడిపోయాయి అంటే 6 అన్నట్టే.

నన్ను బాగా మార్చింది మాత్రం ఫైబ్రోసిస్ (కిడ్నీలో మచ్చపడటం) శాతం. ఒక ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ గ్లోమెరులస్‌లలో పేరుకునే జబ్బు) కేసులో, మచ్చని నీలంగా చూపే ట్రైక్రోమ్ చూసి 55 శాతం అన్నా, మా జూనియర్ 40 అంది. ఈ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే ఆక్స్‌ఫర్డ్ స్కోర్‌లో 50 దాటితే టీ2, 26 నుంచి 50 లోపలుంటే టీ1, పేషెంట్‌కి అది చిన్న తేడా కాదు. క్యూపాత్‌లో (స్లైడ్ బొమ్మలు కొలిచే ఫ్రీ సాఫ్ట్‌వేరే) కార్టెక్స్ (కిడ్నీ బయటి భాగం) వరకు గీత గీసి, మెడుల్లా (లోపలి భాగం) వదిలేసి, మచ్చ పడ్డ చోట్లు చుట్టి కొలిస్తే 38 వచ్చింది. నీలం రంగు కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది కదా, అందుకే ఎక్కువ చెప్పేశా. ఆ తర్వాత పాత కేసులు కొన్ని తీసి చూసుకుంటే నాకు ఆ అలవాటు ఉన్నట్టే తేలింది, సిగ్గేసింది కూడా.

శ్రీకాకుళం జిల్లాలో కారణం తేలని కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట నుంచి వచ్చే కేసుల్లో ఇదింకా అవసరం. వాటిలో చాలాసార్లు గ్లోమెరులస్‌లు పెద్దగా చెడిపోయి ఉండవు, ట్యూబ్యూల్స్ (మూత్రం తయారయ్యే సన్న గొట్టాలు) ముడుచుకుపోయి, వాటి మధ్యలో ఉన్న ఇంటర్‌స్టీషియం అనే కణజాలం మచ్చపడి ఉంటాయి. ఎంత పోయింది అన్నదే నెఫ్రాలజిస్ట్ అడిగేది. ఎందుకు పోయింది అంటే స్కానర్ చెప్పదు, ఏ కారణంతో పడ్డ మచ్చైనా నీలంగానే ఉంటుంది.

ఇక తిట్లు. ఒకసారి సిల్వర్ స్లైడ్‌లో లేతగా రంగు పట్టిన చివరి ముక్కని మెషీన్ ఖాళీ గాజు అనుకుని వదిలేసింది, అందులో ఒక గ్లోమెరులస్, అందులో క్రెసెంట్ (జబ్బు తీవ్రంగా ఉందని చెప్పే నెలవంక ఆకారపు కణాల గుంపు)! ఊరికే గాజు స్లైడ్‌ని వెలుతురుకి పెట్టి చూశా కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి స్కాన్‌లో ముక్కలెన్ని, గాజు మీద ముక్కలెన్ని అని సరిచూడకుండా రిపోర్ట్ మీద సంతకం పెట్టను. స్లైడ్ మీద గాజు మూత అతికించే డీపీఎక్స్ ఆరకుండా స్లైడ్ పెడితే ట్రేకి అతుక్కుని ఆ పూటంతా పోతుంది. సెక్షన్ మందంగా కోస్తే ఫోకస్ కుదరదు, మైక్రోస్కోప్‌లో అయితే నాబ్ తిప్పుకుంటాం, ఇక్కడ అదేం లేదు. ట్రైక్రోమ్ కొత్త బ్యాచ్ కలిపిన రోజు ఆటోమేటిక్ కొలత నమ్మొద్దు, రంగు కాస్త మారితే శాతమూ మారిపోతుంది. గ్లోమెరులస్‌లు దానంతటదే లెక్కపెట్టే ఏఐ కూడా వాడి చూశాం, బాగున్నవాటిని టకటకా పట్టేస్తుంది, పూర్తిగా గట్టిపడ్డవాటిని మచ్చలో కలిపేసి వదిలేస్తుంది, మనకేమో కావలసింది అవే. అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందేమో పట్టే కాంగో రెడ్ రంగుని పోలరైజర్ కింద చూడాలంటే మళ్లీ మైక్రోస్కోపే గతి.

40ఎక్స్‌లో స్కాన్ చేస్తే పిక్సెల్‌కి 0.25 మైక్రాన్, దానికి తగ్గట్టే ఫైళ్లూ బరువు. హార్డ్ డిస్క్‌లు నిండిపోతున్నాయి, పాత కేసులు తీసేద్దాం మేడమ్ అని మా ఐటీ అబ్బాయి వారం వారం గొడవ, నెఫ్రాలజీ వాళ్లేమో రెండేళ్ల కిందటి బయాప్సీ పక్కన పెట్టి చూపించమంటారు. నేనైతే ఒక్కటి కూడా తీయనివ్వలేదు ఇంతవరకు.