ఇచ్చిన పుస్తకమా, ఎంచుకున్న పుస్తకమా?

పాఠ్యపుస్తకాలకు బయట పిల్లల చేత ఇష్టంగా చదివించడానికి మన హైదరాబాదు బడుల్లో మూడు పద్ధతులు కనిపిస్తాయి. తరగతికంతటికీ ఒకే పుస్తకం నిర్ణయించి సారాంశం రాయించడం ఒకటి, తరగతి గదిలోనే ఒక అల్మారా పెట్టి నచ్చింది తీసుకోనివ్వడం రెండవది, పుస్తకాలున్న చోటికే పిల్లలను తీసుకువెళ్లడం మూడవది.

తెలుగు ఉపాధ్యాయురాలిగా నేను మొదటి పద్ధతినే చాలాకాలం నమ్మాను. అందరూ ఒకే కథ చదివినప్పుడు చర్చ రక్తి కడుతుందన్నది నిజమే. కానీ సారాంశానికి మార్కులు వేయడం మొదలుపెట్టాక, పిల్లలు కథ కోసం కాక జవాబు కోసం చదవసాగారు. వెనుక అట్ట మీది నాలుగు వాక్యాలను ఎక్కించి ఇచ్చినవారూ ఉన్నారు, ఆ తప్పు వారిది కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

అల్మారాకు నలభై యాభై పుస్తకాలు, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఇంగ్లీషు మీడియంలో చదివే మన నగరపు పిల్లలు చాలామంది తెలుగు ధారాళంగా మాట్లాడినా అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతారు కనుక, తొమ్మిదో తరగతి విద్యార్థి చిన్నపిల్లల బొమ్మల కథ తీసుకుంటే "ఇది నీ వయసుకు తగదు" అనకూడదు. నచ్చని పుస్తకాన్ని పది పేజీల దగ్గరే తిరిగి పెట్టేసే స్వేచ్ఛ కూడా ఉండాలి. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉండాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ సూత్రాల్లో చెప్పారు. అయితే అల్మారాలో నీతికథలు మాత్రమే నింపి ఎంచుకోమంటే అది ఎంపిక కానే కాదు. క్రికెట్, దయ్యాల కథలు, పొడుపుకథలు, సైన్సు ప్రయోగాలు అన్నీ ఉండాలి. ఆ ఇరవై నిమిషాలూ ఉపాధ్యాయులు పేపర్లు దిద్దుకోకుండా తమకు నచ్చిన పుస్తకం చదువుకోవాలి.

మూడవదానికి మన ఊరిలో కొరత లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు దొరుకుతాయి, సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది, ఏటా పుస్తక ప్రదర్శన జరుగుతుంది. కాకపోతే పిల్లలను అలా తీసుకువెళ్లడం ఏడాదికి ఒకటి రెండుసార్లు కుదిరే పని.

అందుకే నా ఓటు అల్మారాకే. ప్రదర్శనకు వెళ్లినప్పుడు బడి డబ్బు కొంత పిల్లల చేతికే ఇచ్చి, ఆ అల్మారాకు కావలసిన పుస్తకాలను వారి చేతనే కొనిపించవచ్చు.